చీటీ వెనక వైపు

జూన్ 3

అత్తయ్యకు,

ఈ ఉదయం ఆఫీసుకు వెళ్లేసరికి మీ చీటీ ఒకటి కింది మూల ఊడిపోయి, ఫ్యాను గాలికి రెక్కలా కొట్టుకుంటోంది. అప్పటికి ఇంకెవరూ రాలేదు. సొరుగులోంచి గుండుసూదులు తెచ్చి నాలుగు మూలలా గట్టిగా గుచ్చాను. ఇక కదలదు.

గోడ గురించి మీకు సరిగా రాయలేదనుకుంటాను. కాఫీ యంత్రం పక్కన పొడవాటి మెత్తటి బోర్డు ఉంది. ఎవరికైనా పనికొచ్చే చిన్న కోడ్ ముక్క దొరికితే కాగితం మీద రాసి అక్కడ గుచ్చుతారు. కప్పు నిండేలోపు మిగతావాళ్లు చదువుతారు. అన్నీ కంప్యూటర్లోనే పెట్టుకోవచ్చు కదా అని నేనూ మొదట అనుకున్నాను. పెట్టారట. ఎవరూ చూడలేదట. కాఫీ మాత్రం అందరూ తాగుతారు.

మీరు పంపిన చీటీలన్నీ అక్కడే ఉన్నాయి. తేదీని సంవత్సరం, నెల, రోజు వరుసలో రాస్తే అక్షరాల వరుసే కాలం వరుస అవుతుందన్నది ఒకటి. రెండు పేర్లు పోల్చేముందు అటూ ఇటూ అంటుకున్న ఖాళీలు కోసెయ్యమన్నది ఇంకొకటి. ఈ ఉదయం ఊడింది, ఒకే మనిషి రెండుసార్లు నమోదైతే పట్టుకునే కోడ్. ఇంటిపేరు, పుట్టిన తేదీ, పేరులో మొదటి అక్షరం, ఈ మూడూ కలిస్తే ఆ ఇద్దరూ ఒకరే. దానికి అభిమానులు ఎక్కువ. నా పక్క బల్ల అతను, ఆఫీసంతా "తొందర" అని పిలిస్తే పలుకుతాడు, "ఎవరు రాశారో గానీ కళ్లకద్దుకోవాలి" అన్నాడు. నేను పక్కనే కాఫీ కలుపుకుంటున్నాను.

ఒక చిక్కు వచ్చింది. చీటీ గుచ్చినవాళ్లే సోమవారం మీటింగులో లేచి దాన్ని వివరించాలని మా టీం లీడరుగారు ఆలోచిస్తున్నారు. ఆమె ఆలోచిస్తే అమలు చేస్తారు. అదే జరిగితే చీటీలు తీసేస్తాను. ఈ ఆఫీసులో ఇంతవరకు నేను "గుడ్ మార్నింగ్", "పూర్తయింది" తప్ప ఏమీ అనలేదు. ఆ రెండూ బాగానే అంటాను.

మీ కన్ను ఎలా ఉంది? అమ్మ ప్రత్యేకంగా అడగమంది. నేను మామూలుగా అడుగుతున్నాను.

మీ మేనకోడలు


జూన్ 7

ఒసే పిల్లీ,

నీకు ఆ పేరు పెట్టింది నేనే. పక్కన వచ్చి కూర్చున్నా తెలిసేది కాదు, తోక తొక్కితే తప్ప. ఉద్యోగంలో చేరాక కూడా రెండు మాటలతో నెట్టుకొస్తున్నావంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కన్ను తడవకూడదన్నాడు డాక్టరు, కాబట్టి నవ్వాను.

ఫోనులో నీతో మాట్లాడటం కన్నా గోడతో చదరంగం ఆడటం నయం. అందుకే ఈ ఉత్తరాలు. నువ్వు రాసినవన్నీ మీ మామయ్యే చదివి వినిపిస్తున్నాడు. బట్టలు కుట్టే మనిషి చేత కోడ్ చదివిస్తే ఎలా ఉంటుందో నువ్వు వినాలి. "బ్రాకెట్టు తెరిచింది. బ్రాకెట్టు మూసింది. మళ్లీ తెరిచింది. ఏమిటే, ఈ పిల్ల ఇంట్లో ఉందా, బయటికెళ్తోందా?" అంటాడు.

కన్ను బాగానే ఉంది. ఆపరేషనులో లోపలి పొర అతికించిన చోట ఇంకా గట్టిపడాలట. "తెర ముందు కూర్చున్నారని తెలిస్తే మళ్లీ నా దగ్గరికి రాకండి" అన్నాడు డాక్టరు. కాగితం కాసేపు పరవాలేదట. ఊళ్లో గ్రంథాలయాలన్నిటికీ ప్రోగ్రాములు రాసినదాన్ని, ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుని వీధిలో ఎర్ర బళ్లెన్ని, తెల్ల బళ్లెన్ని అని చూస్తున్నాను. నా కోడ్ గోడెక్కిందన్న కబురు విన్నాక రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. తీసేస్తానంటావా? తీసి చూడు, పోస్టులో చెవి మెలిపెడతాను.

వాటి కింద పేరు రాశావా? నీ పేరే రాసుకో. నాకు ఇప్పుడు పేరుతో పనేముంది?

ఇదిగో కొత్త చీటీ. ముందు వైపు: "కోడ్ రాశాక పైకి చదువు. మనసులో కాదు, నోరు తెరిచి, మామూలు మాటల్లో. వినేది మనిషే కానక్కర్లేదు. కుర్చీ అయినా చాలు." ఎన్నో తప్పులు కంటికి దొరక్కుండా తిరిగి చెవికి దొరికిపోయాయి నాకు. వెనక ఎప్పటిలాగే ఎక్కడ పనికిరాదో రాశాను. ముందు వైపు ఏం చేస్తుందో, వెనక వైపు ఎక్కడ చెయ్యదో. వెనక వైపు లేని చిట్కా మూత లేని సీసా, ఎక్కడికి తీసుకెళ్లినా ఒలుకుతుంది. మా ఆఫీసులో నా చీటీ చేతికొస్తే ముందు తిప్పి చూసేవాళ్లు.

వదినకి నేను కులాసా అని చెప్పు. అడిగిన దానికన్నా ఎక్కువ చెప్పకు. నీకు అది చేతనవును.

నీ ఒంటికంటి అత్త


జూన్ 12

అత్తయ్యకు,

ఉత్తరం అందింది. చీటీ కూడా.

ఇక చీటీలు పంపొద్దు. ఉన్నవి చాలు.

పైకి చదవమన్నదాన్ని గోడకి గుచ్చలేదు, నా సొరుగులో పెట్టుకున్నాను. మిగతా వాటి కింద నా పేరు రాయలేదు. "మా అత్తయ్య" అని రాశాను. ఎవరి అత్తయ్యో రాయలేదు కాబట్టి ఎవరూ నన్ను అడగలేదు. ఇప్పుడు ఆఫీసులో అందరూ "అత్తయ్య కోడ్" అంటున్నారు, ఏదో కంపెనీ సరుకులా.

తొందర దాన్ని కొత్త పనిలో వాడేశాడు. ఒక పిల్లల ఆసుపత్రి పాత రికార్డులన్నీ మా దగ్గరికి వచ్చాయి. ఒకే బిడ్డ పేరు రెండు మూడు చోట్ల ఉంది. వాటిని ఏరి ఒకటిగా కలిపి ఈ నెలాఖరుకి ఇవ్వాలి. "మీ చీటీ లేకపోతే నాకు వారం పట్టేది" అని గోడకేసి దణ్ణం పెట్టాడు. అతను గోడకి పెట్టాడు, నాకు కాదు.

సోమవారం వివరించాలన్న నియమం ఖాయమైంది. అందరికీ వంతులు కూడా వేశారు. నాది చివర్లో పడింది.

మీ మేనకోడలు


జూన్ 16

అమ్మాయీ,

మీ మామయ్య నీ ఉత్తరం చదవడం మొదలుపెట్టాడు. "ఉన్నవి చాలు" అన్న దగ్గర ఆపించాను. మిగతాది విననక్కర్లేదనిపించింది. ఆయన "ఇంకా ఉందే" అన్నాడు. "ఉండనీ" అన్నాను.

మంచిది. చాలంటే చాలు. నువ్వు చెప్పిన మాటలో తప్పేమీ లేదు. నా పనిముట్లు పాతవి. ఇప్పటివాళ్లకి ఒక్క మాట అడిగితే కోడ్ తనంతట తాను పుట్టే యంత్రాలున్నాయి. కిటికీ పక్కన కూర్చున్న ముసల్దాని చీటీలు ఎవరిక్కావాలి? నువ్వు మర్యాద తెలిసిన పిల్లవి గనక ఇన్నాళ్లు ఊరుకున్నావు.

నాకు కోపం లేదు. కోపముంటే ఇంకా పొడుగు రాసేదాన్ని.

అత్త


జూన్ 20

అత్తయ్యకు,

మీ ఉత్తరం చూసి బల్ల ముందే నిలబడిపోయాను. నిలబడే ఇది రాస్తున్నాను.

చీటీలు పంపొద్దని రాసిన ముందు రోజు అమ్మ మిమ్మల్ని చూసి వచ్చింది. "మీ అత్త కాగితాల మీద వంగి వంగి రాస్తోంది, కంట్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి, అడిగితే ఉల్లిపాయ అంటోంది, అక్కడ ఉల్లిపాయ లేదు" అని చెప్పింది. అందుకని పంపొద్దన్నాను. కారణం రాస్తే అమ్మ చెప్పిందని మీకు తెలుస్తుంది, మీరిద్దరూ వాదించుకుంటారు. అందుకని కారణం రాయలేదు. నాకు పొదుపుగా రాయడం అలవాటు. ఈసారి మరీ పొదుపు చేశాను.

మీ చీటీలు పాతవి కావు. మీరు చెప్పిన యంత్రాలు మా దగ్గరా ఉన్నాయి. అడిగినదానికి అవి చక్కగా జవాబిస్తాయి. ఏం అడగాలో మీ చీటీలు చెబుతాయి. ఇది ఓదార్పు కాదు. ఓదార్చడం నాకు రాదని మీకు తెలుసు.

నా పాత ఉత్తరం చింపెయ్యకుండా ఉంటే మిగతాది మామయ్య చేత చదివించండి. అందులో మీకు నచ్చే కబురుంది. మీ కోడ్ ఒక పెద్ద పనిలోకి వెళ్లింది.

నేనూ ఒక చీటీ రాశాను. కోడ్‌లో పొడవాటి షరతు రాయాల్సి వస్తే దాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక పేరు పెట్టమని. బావుంటే చెప్పండి. బాలేకపోతే తప్పకుండా చెప్పండి.

మీ మేనకోడలు


జూన్ 24

ఒసే పిల్లీ, నా తల్లీ,

నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. ముందు వదిన మీద కోపం వచ్చింది. తర్వాత నవ్వొచ్చింది. తర్వాత పాత ఉత్తరం వెతకమన్నాను. మీ మామయ్య కుట్టుమిషను కింద దాచాడు, నేను చింపేస్తానని. ఆయనకి నా సంగతి తెలుసు.

"పిల్లల ఆసుపత్రి" అన్న మాట దగ్గర నేను లేచి నిలబడ్డాను. "మళ్లీ చదవండి." మళ్లీ చదివాడు. "కలిపి ఒకటిగా ఇవ్వాలి" అని ఉందా? ఉంది. మా గ్రంథాలయంలో ఆ కోడ్ వల్ల ఎవరికీ ఏమీ కాదు. నేను వెనక ఏం రాశానో నీకు గుర్తుందా? వాళ్లెవరైనా వెనక వైపు చదివారా? గోడకి గుచ్చిన కాగితానికి వెనక వైపు ఎక్కడుంటుందే?

వెంటనే నీకు ఫోను. మోగుతుంది, మోగుతుంది, ఎత్తవు. మళ్లీ చేశాను. మీ ఆఫీసు నంబరు వదిన దగ్గర తీసుకుని దానికి చేశాను. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"మా మేనకోడలు కావాలి, అర్జెంటు" అన్నాను.

"ఏ అమ్మాయండీ?"

"సన్నగా ఉంటుంది. ఎప్పుడూ ఏదో చదువుతూ ఉంటుంది. మాట్లాడదు."

"ఓ, ఆవిడా! ఇప్పుడు కుదరదండీ. మీటింగులో ఉన్నారు."

"బయటికి పిలువమ్మా, పుణ్యముంటుంది."

"ఎలా పిలవమంటారు? ఆవిడే మాట్లాడుతున్నారు. గదిలో అందరూ వింటున్నారు. ఇక్కడికి వినిపిస్తోంది, కావాలంటే ఫోను అటు పెట్టనా?"

పెట్టింది. మాటలు తెలియలేదు గానీ గొంతు నీదే. గ్రంథాలయంలో పుస్తకం అడిగేటప్పుడు కూడా పెదాలు కదిలించి ఊరుకునే పిల్ల గొంతు, మూసిన తలుపు అవతల నుంచి. వింటూ కూర్చున్నాను. మీ మామయ్య "ఏమైందే?" అంటున్నాడు. "ఉష్, పిల్లి మాట్లాడుతోంది" అన్నాను.

సాయంత్రం నువ్వు చేశావు. ఏమన్నావు? "అత్తయ్యా, సరిచేశాం. కంగారు పడకండి. ఉత్తరం రాస్తాను." పెట్టేశావు! మీటింగులో ఊరందరికీ చెప్పినదానివి, నాకు మూడు ముక్కలా? ఏం సరిచేశావు, ఎవరేమన్నారు, ఎలా తెలిసింది, అంతా రాయి. పొదుపు చేశావంటే బస్సెక్కి వస్తాను.

నీ చీటీ బాగుంది. పేర్లు పెట్టడం మంచి అలవాటు. వెనక వైపు ఖాళీగా ఉంది. నింపు.

నీ అత్త


జూన్ 28

అత్తయ్యకు,

బస్సెక్కకండి. అంతా రాస్తున్నాను.

తొందర రాసిన ప్రోగ్రాం సరిచూసే పని నాకు పడింది. శుక్రవారం చూశాను. ఒక్క తప్పూ కనబడలేదు. సోమవారం నేను వెళ్లేసరికి హాలంతా ఖాళీ. సొరుగు తెరిస్తే మీ చీటీ పైనే ఉంది. ఎవరూ లేరు కదా అని ఆ ప్రోగ్రాంని కిటికీ దగ్గరి పూలకుండీకి పైకి చదివి వినిపించాను. "ఇద్దరి ఇంటిపేరు ఒకటే. ఇద్దరూ పుట్టింది ఒకే రోజు. పేర్లు మొదలయ్యేది ఒకే అక్షరంతో. కాబట్టి ఇద్దరూ ఒకరే. ఒకరి వివరాలు ఉంచి రెండోవి తీసెయ్యి." తెర మీద చూసినప్పుడు అది కోడ్‌లా ఉంది. నోటితో అనేసరికి ఇద్దరు పిల్లలు ఎదురుగా నిలబడ్డట్టయింది.

గోడ దగ్గరికి వెళ్లాను. నేను గుచ్చిన సూదులే, రామని మొరాయించాయి. తిప్పితే మీ అక్షరాలు: "కవలలుంటే పనికిరాదు. మా దగ్గర ఒకరి పుస్తకం ఇంకొకరి లెక్కలో పడింది, నవ్వుకున్నాం. నవ్వి ఊరుకోలేని చోట వాడొద్దు." ఇది మీ చీటీ వచ్చిన రోజే చదివాను. నాకు తెలుసు కాబట్టి చూసినవాళ్లందరికీ తెలుసన్నట్టు ఉండిపోయాను. మూల ఊడి గాలికి తిరుగుతున్నదాన్ని కదలకుండా బిగించింది కూడా నేనే.

ఆ సోమవారం వంతు నాది కాదు. ఫోన్లన్నీ గది బయట బుట్టలో వేసి లోపలికి వెళ్తాం, అందుకే మీ కాల్ తీయలేదు. లీడరుగారు "ఈ వారం ఎవరు?" అనగానే లేచాను. కుర్చీ కీచుమంది. అందరూ కుర్చీ వైపు చూశారు, తర్వాత నా వైపు.

"అత్తయ్య కోడ్ నేను గుచ్చాను. అది మా అత్తయ్యది. పిల్లల ఆసుపత్రికి అది పనికిరాదు" అన్నాను.

"అత్తయ్య అంటే... మీకు పెళ్లయిందా?" అని వెనక నుంచి ఎవరో.

"మా నాన్నగారి చెల్లెలు. అది ఇప్పుడు ముఖ్యం కాదు" అన్నాను. నవ్వారు. నవ్వడం మంచిదైంది, నాకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది.

కవలల సంగతి చెప్పాను. తొందర ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్లు గోడ మీదుంటే ఇప్పుడా చెప్పేది?"

"అవును, ఇప్పుడే చెబుతున్నాను. ఇంకా వాళ్లకి ఇవ్వలేదు కదా."

"కవలలే అరుదు. అందులోనూ ఒకే అక్షరం. ఏ మూలో ఒకరుంటారు తల్లీ, దానికోసం పనంతా ఆపుతామా?"

"కవలలకి పేర్లు పెట్టేవాళ్లని మీరు చూశారా? రెండూ జోడీ కుదరాలని ఒకే అక్షరంతో వెతుకుతారు."

మా ఆఫీసులో బొమ్మలు గీసే అమ్మాయి "మా పెద్దమ్మ పిల్లలు అంతే" అంది. "మా ఎదురింట్లోనూ" అన్నారు ఇంకొకరు. మూడో ఆయన తన చిన్ననాటి స్నేహితుల సంగతి మొదలుపెట్టబోతే లీడరుగారు ఆపారు.

"సరే, మొదటి అక్షరం బదులు పూర్తి పేరు పోలుస్తాను, సరిపోయిందా?" అన్నాడు తొందర.

"సరిపోదు. అప్పుడు ఒక అక్షరం తప్పు పడ్డ బిడ్డ ఇద్దరవుతాడు. ప్రోగ్రాం కలపకూడదు. అనుమానం వచ్చిన జంటల్ని పక్కకి తీసి చూపించాలి. కలపాలో వద్దో ఆసుపత్రిలో ఆ పిల్లలు తెలిసినవాళ్లు చెప్పాలి."

లీడరుగారు నన్నే చూస్తూ "ఎంతసేపు పడుతుంది?" అన్నారు.

"సాయంత్రానికి" అన్నాను.

పట్టింది అంతే. తొందర నా పక్కనే కూర్చుని సగం అతనే రాశాడు. చేతులు నిజంగానే తొందర. పని అయ్యాక "మీరు ఇంత మాట్లాడతారని ఎవరైనా చెబితే ముందే జాగ్రత్తపడేవాణ్ణి" అన్నాడు. "నాకూ తెలియదు" అన్నాను.

ఇప్పుడు గోడ మారింది. చీటీలకి సూదులు గుచ్చడం లేదు. పైన చిల్లు పెట్టి దారంతో వేలాడదీస్తున్నాం, ఎవరైనా తిప్పి చూడొచ్చు. వెనక ఖాళీగా ఉన్న చీటీని లీడరుగారు తీసి, రాసినవాళ్ల బల్ల మీద పెడతారు. నాదే మొదట తిరిగొచ్చింది. నింపాను: "ముక్కలు చేసిన షరతుకి పెట్టిన పేరు తప్పయితే, పొడవాటి షరతే నయం." పైన తొందర పెద్ద అక్షరాలతో "తిప్పి చూడుము" అని రాసి అంటించాడు. "చూడుము" ఏమిటని అందరూ ఏడిపిస్తున్నారు. మార్చనంటున్నాడు.

పైకి చదవమన్న చీటీ కూడా వేలాడదీశాను. దాని వెనక మీరు "పక్కన మనుషులుంటే పనికిరాదు, పిచ్చిదనుకుంటారు" అని రాశారు. అది తప్పు, అత్తయ్యా. ఒక గీత గీసి కొట్టేశాను. మీ చీటీ మీద నేను దిద్దడం ఇదే మొదటిసారి. అభ్యంతరముంటే రాయండి, మీటింగులో వాదిస్తాను.

మీ చీటీలు మాకు కావాలి. ఇది నా మాట కాదు, లీడరుగారి మాట, నాది కూడా. మీరు కళ్లు మూసుకుని చెప్పండి, మామయ్య రాస్తారు. బ్రాకెట్లు ఆయన ఎలా రాసినా నాకు అర్థమవుతుంది. కంటి పరీక్ష రోజున సెలవు తీసుకున్నాను, మీతో నేనే వస్తాను. డాక్టరుతో నేను మాట్లాడతాను, మీరు ఉల్లిపాయ అని చెప్పకుండా.

ఫోనులో చెప్పనిది ఒకటుంది. మీ కన్ను తడవకూడదనే అప్పుడు చెప్పలేదు. సోమవారం మీటింగు అయ్యాక, ఆసుపత్రి పంపిన రికార్డుల మీద పాత కోడ్‌ని ఒకసారి నడిపి చూశాను. ఒక జంట కలిసిపోయింది. అక్కాచెల్లెళ్లు. చెల్లెలి రికార్డు మిగిలింది, అక్కది పోయింది. పెన్సిలిన్ పడనిది అక్కకి.

మీ పిల్లి